పాత కారు అడుగున ఏ బోల్టు వేయాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నా పాత కారు ముందు సస్పెన్షన్‌లో కింది ఆర్ముల బోల్టులు బాగా తుప్పు పట్టాయి. తల మీద 8.8 అని ఉంది. ఎలాగూ మారుస్తున్నాం కదా, ఇంకా బలమైనవి వేద్దామని 12.9 రకం అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉన్నవి) తెచ్చాను. వేసేయొచ్చా?

జవాబు: వద్దు. తీసిన చోట 8.8 ఉంటే 8.8, 10.9 ఉంటే 10.9. ఈ విషయంలో కంపెనీ ఇంజనీర్ల కంటే ఎక్కువ ఆలోచించాల్సిన పని లేదు.

ముందు ఆ అంకెల సంగతి. చుక్కకు ముందున్న అంకెను 100తో గుణిస్తే బోల్టు ఎంత లాగితే తెగుతుందో మెగాపాస్కల్స్‌లో వస్తుంది. చుక్క తర్వాతి అంకె, అందులో ఎన్ని పదో వంతుల దగ్గర బోల్టు శాశ్వతంగా సాగిపోతుందో చెబుతుంది. 8.8 అంటే 800 దగ్గర తెగుతుంది, 640 దగ్గర సాగిపోతుంది. 10.9కి 1000, 900. 12.9కి 1200, 1080. కాగితం మీద 12.9 గెలిచినట్టే కనిపిస్తుంది.

కానీ సస్పెన్షన్ బోల్టు పని గోడకు కొట్టిన మేకు పని కాదు. ఆర్ము కీలులో ఉండే రబ్బరు తొడుగును బుష్షు అంటారు. దాని లోపలి ఇనుప గొట్టాన్ని, ఆర్మును కారుకు కలిపే బ్రాకెట్ రెండు చెవుల మధ్య కదలకుండా నొక్కి పట్టడం దాని పని. ఆ నొక్కుడు వల్ల పుట్టే రాపిడే రోడ్డు దెబ్బలను మోస్తుంది. పట్టు సరిగా ఉన్నంతకాలం బోల్టు మీద అడ్డంగా పడే భారం చాలా తక్కువ. పట్టు సడలిందా, ప్రతి గుంతకూ గొట్టం బోల్టును సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. చెవిలో రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. అప్పుడు 8.8 అయినా 12.9 అయినా అలసి విరిగేదే.

ఇప్పుడు మీ 12.9ని 8.8కి చెప్పిన టార్క్‌తో (తిప్పే బలంతో) బిగించారనుకోండి, పట్టు 8.8 ఇచ్చినంతే వస్తుంది. అదనంగా కలిసొచ్చేది లేదు. అలాకాక 12.9కి తగ్గ టార్క్ ఇస్తే బ్రాకెట్ రేకు, బుష్షు గొట్టం నలుగుతాయి. ఇంకో చిక్కు మర పొడవు. ఎం12 (12 మిల్లీమీటర్ల వ్యాసం) హెక్స్, అంటే ఆరు పలకల తల బోల్టు 125 మిల్లీమీటర్ల పొడవు లోపుదైతే మర భాగం 30 మిల్లీమీటర్లు, అదే ఎం12 అలెన్ బోల్టుకు 36. అంటే మర లేని నున్నటి షాంకు 6 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అది ఎంత పెద్ద తేడానో పొడవు లెక్క గురించిన జవాబులో చూడండి.

చివరిది, అన్నిటికంటే ప్రమాదమైనది. 12.9 ఉక్కు కాఠిన్యం రాక్‌వెల్ సి కొలతలో 39 నుంచి 44 దాకా ఉంటుంది. ఇంత గట్టి ఉక్కుకు కరెంటు పద్ధతిలో జింకు పూత వేస్తే హైడ్రోజన్ లోపలికి చేరి ఉక్కును పెళుసుగా మారుస్తుంది. పూత వేసిన వెంటనే పొయ్యిలో కాల్చి ఆ హైడ్రోజన్‌ను వెళ్లగొట్టకపోతే, బిగించాక గంటలకో రోజులకో బండి నిలబడి ఉండగానే తల ఊడిపడవచ్చు. పూత లేని నల్లవి వేద్దామంటే కారు అడుగున అవి తొందరగా తుప్పు పడతాయి.

ప్రశ్న: అంగుళాల బోల్టుల తల మీద అంకెలు లేవు, గీతలున్నాయి. కొన్నిటికి అవీ లేవు. ఎలా పోల్చుకోవాలి?

జవాబు: మధ్య నుంచి అంచు వైపు మూడు గీతలుంటే అమెరికన్ గ్రేడ్ 5. చదరపు అంగుళానికి 1,20,000 పౌండ్ల దాకా తట్టుకుంటుంది. దాదాపు 8.8కి సమానం. ఆరు గీతలుంటే గ్రేడ్ 8, అంటే 1,50,000 పౌండ్లు. ఇది 10.9కి దగ్గర. గీతల్లేనిది గ్రేడ్ 2 అనుకోండి. మడ్‌గార్డుకు సరిపోతుంది గానీ సస్పెన్షన్‌కి పనికిరాదు.

చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది: అంగుళాల గ్రేడ్ 8, మెట్రిక్ 8.8 ఒకటి కావు. గ్రేడ్ 8 ఒక మెట్టు పైది. మెట్రిక్ నట్టు మీద ఒంటరిగా 8 అని ఉంటే అది మళ్లీ వేరే లెక్క, ఆ నట్టు 8.8 బోల్టుకు జోడీ. 10.9 బోల్టుకు 10 అని ఉన్న నట్టు కావాలి. బోల్టు గట్టిది, నట్టు మెత్తనిది అయితే నట్టులోని మర లేచిపోతుంది.

పాత బ్రిటిష్ బోల్టులకు అక్షరాలు ఉంటాయి. ఎస్ అంటే చదరపు అంగుళానికి 50 టన్నులు, టి అంటే 55, వి అంటే 65. ఏ రకమైనా గ్రేడు గుర్తుతో పాటు తయారీదారు గుర్తు కూడా తల మీద ఉండాలి. ఆరు గీతలుండి తయారీదారు గుర్తు లేదంటే ఆ బోల్టును నమ్మకండి.

ప్రశ్న: 1950ల నాటి బ్రిటిష్ కారు. మూడెనిమిదో వంతు అంగుళం బోల్టుకు కొత్త నట్టు తెస్తే రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతోంది. స్పానరు పెట్టి గట్టిగా తిప్పితే దారికి రాదా?

జవాబు: దారికి రాదు, మర పోతుంది. స్పానరు పక్కన పెట్టండి. మీ చేతిలో రెండు వేర్వేరు మరలున్నాయి.

బ్రిటన్, అమెరికా, కెనడా 1948లో ఒకే మర కొలతకు ఒప్పుకున్నాయి. వాటినే యూఎన్ఎఫ్ (సన్న మర), యూఎన్‌సీ (ముతక మర) అంటాం, రెండూ కలిపి యూనిఫైడ్ మరలు. బ్రిటిష్ కార్లలో పాత బీఎస్ఎఫ్ (సన్న), విట్‌వర్త్ (ముతక) మరల నుంచి ఈ కొత్తవాటికి మార్పు ఒక్క రోజులో జరగలేదు. ఆ దశాబ్దపు కారులో ఒక మూల బీఎస్ఎఫ్, ఇంకో మూల యూఎన్ఎఫ్ కనిపించవచ్చు. మూడెనిమిదో వంతు అంగుళంలో అంగుళానికి బీఎస్ఎఫ్‌కి 20 చుట్లు, యూఎన్ఎఫ్‌కి 24. అర అంగుళంలో బీఎస్ఎఫ్‌కి 16, యూఎన్ఎఫ్‌కి 20. రెండు చుట్లకే పట్టేసిందంటే చుట్ల లెక్క కుదరలేదన్నమాట.

నిజానికి మీకు పట్టేయడమే అదృష్టం. సాఫీగా ఎక్కేసే తప్పు నట్టు ఇంతకంటే ప్రమాదం. మూడెనిమిదో వంతులో యూఎన్‌సీకి, విట్‌వర్త్‌కి రెండింటికీ 16 చుట్లే. కానీ విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, యూఎన్‌సీది 60. నట్టు చివరిదాకా చేత్తోనే వెళుతుంది. లోపల మాత్రం మర వాలు మొత్తం ఆనకుండా సన్నటి గీత మీదే ఆనుతుంది. టార్క్ రెంచి (చెప్పిన బిగువు రాగానే టక్కుమనే స్పానరు) టక్కుమంటుంది, మీరు బాగానే బిగిసిందనుకుంటారు, నాలుగు రోజులకు వదులవుతుంది.

పోల్చుకోవాలంటే ముందు మర బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి. అసలు కొలత కంటే ఒకటి రెండు పదో వంతులు తక్కువే చూపిస్తుంది, కంగారు పడకండి. 9.4 మిల్లీమీటర్ల దగ్గరుంటే మూడెనిమిదో వంతు అంగుళం, 9.8 అయితే ఎం10, 11 అయితే ఏడు పదహారో వంతు, 11.8 అయితే ఎం12, 12.6 అయితే అర అంగుళం. ఆ తర్వాత పిచ్ గేజి (మర చుట్ల మధ్య దూరం చూసే పళ్ల ఆకుల సాధనం) ఆకును మరలో కూర్చోబెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. పళ్ల మధ్య ఎక్కడా వెలుతురు కనిపించకూడదు. తల మీద గానీ పక్కల మీద గానీ ఒకదానికొకటి ఆనుకున్న చిన్న వృత్తాలుంటే అది యూనిఫైడ్ మర.

తలకు ఏ స్పానరు పట్టిందో చూసి మర ఊహించకండి. ఎంజీ టీసీ, టీడీ కార్ల ఎక్స్‌పీఏజీ ఇంజన్‌లో బోల్టు తలలు విట్‌వర్త్ స్పానరుకు సరిపోతాయి, మరలేమో మెట్రిక్!

ప్రశ్న: అర అంగుళం బోల్టు దొరకడం లేదు. ఎం12 వేస్తే?

జవాబు: అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఎం12 వేస్తే 0.7 మిల్లీమీటరు ఖాళీ. బ్రేకు వేసినప్పుడల్లా టక్‌టక్ శబ్దం, మెల్లగా రంధ్రాల అరుగుదల, చక్రాల అలైన్‌మెంట్ ఏ రోజుకారోజు మారడం, ఇవి ఖాయం. వద్దు. రంధ్రం పెద్దది చేసి పై సైజు వేయడమూ వద్దు, బ్రాకెట్ అంచున మిగిలే ఇనుము తగ్గిపోతుంది. సరైన సైజు దొరికే దాకా బండి ఆగాల్సిందే.

ప్రశ్న: బోల్టు పొడవు ఎలా లెక్కేయాలి? నట్టు పూర్తిగా ఎక్కితే చాలదా?

జవాబు: చాలదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి ఒక లెక్క పూర్తిగా చేసి చూద్దాం.

బ్రాకెట్ చెవులు ఒక్కోటి 4 మిల్లీమీటర్లు, మధ్యలో బుష్షు గొట్టం 47. మొత్తం మందం 55. బోల్టు ఎం12, మామూలు 1.75 పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం, మిల్లీమీటర్లలో). బోల్టు పొడవంటే తల కింది నుంచి కొస దాకా, తల లెక్కలోకి రాదు.

కోత పడే చోట్లు రెండు. గొట్టం, చెవి కలిసే గీతలు అవి. తల కింది నుంచి కొలిస్తే మొదటిది 4 దగ్గర, రెండోది 51 దగ్గర. ఆ రెండు చోట్లా నున్నటి షాంకే ఉండాలి, మర ఉండకూడదు. ఎందుకంటే ఎం12 షాంకు అడ్డుకోత వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు, మర ఉన్న చోట లెక్కకు వచ్చేది 84 మాత్రమే. నాలుగో వంతు పైగా బలం పోయినట్టు. పైగా మర అంచు ఆకురాయిలా చెవి రంధ్రాన్ని తినేస్తుంది.

55 మందానికి వాషరు 2.5, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉన్నది) 12, బయటికి రెండు చుట్లకు 3.5 కలిపితే 73. దానికి 75 బోల్టు చాలనిపిస్తుంది. 75లో మర 30 పోతే మిగిలేది 45. మర 45 దగ్గరే మొదలవుతుంది, అంటే 51 దగ్గరి కోత గీత మర మీద పడింది. 80 తీసుకున్నా 50 దగ్గర మొదలు, అదీ చాలదు.

90 తీసుకుందాం. పూర్తి మర 60 దగ్గర మొదలవుతుంది. అయితే షాంకు సరిగ్గా 60 దాకా నున్నగా ఉంటుందనుకోకండి. మర మొదలయ్యే ముందు సగం సగం కోసిన వాలు భాగం ఒకటి ఉంటుంది, అది ఐదు పిచ్‌ల దాకా రావచ్చు. 1.75 ఐదుసార్లు 8.75. 60లోంచి అది తీసేస్తే 51.25. మన కోత గీత 51. సరిపోయింది, వెంట్రుక వాసి తేడాతో.

ఇక నట్టు వైపు చూడండి. చెవి బయటి అంచు 55 దగ్గర ఉంది, పూర్తి మర 60కి గానీ మొదలు కాదు. ఒక్క వాషరే వేస్తే నట్టు ఆ వాలు భాగంలోకి వెళ్లి ఇరుక్కుంటుంది. టార్క్ రెంచి టక్కుమంటుంది గానీ బుష్షు మీద నొక్కుడు ఉండదు. కాబట్టి 2.5 మందం వాషర్లు రెండు వేయండి. నట్టు 60 దగ్గర కూర్చుంటుంది, 72 దగ్గర ముగుస్తుంది. బయట 18 మిల్లీమీటర్లు పొడుచుకొస్తుంది. ఆర్ము కదిలినప్పుడు దేనికైనా తగిలేలా ఉంటే హాక్సా రంపంతో 5 మిల్లీమీటర్లు ఉంచి కోసి, అంచు ఆకురాయితో నున్న చేసి, రంగు పూయండి. కోసే ముందు ఒక నట్టు ఎక్కించి ఉంచుకుంటే, తర్వాత దాన్ని విప్పేటప్పుడు కొసలో మర శుభ్రపడుతుంది.

బిగించాక ఒక చిన్న పరీక్ష. వాషరును వేలితో తిప్పి చూడండి. తిరిగిందంటే నట్టు మర చివర ఇరుక్కుంది, బుష్షును పట్టలేదు.

దుకాణంలో తల దాకా మర ఉన్న బోల్టులే ముందు చేతికిస్తారు. అవి ఈ పనికి కావు. షాంకు ఉన్నవి కావాలని అడిగి, కొనే ముందు వెర్నియర్ పెట్టి కొలవండి.

ప్రశ్న: కొత్త రబ్బరు బుష్షులు వేసి మూడు నెలలు కాలేదు, అప్పుడే చిరిగాయి. వేసినప్పటి నుంచీ కారు ముందు భాగం కాస్త ఎత్తుగా కూడా కనిపిస్తోంది. బుష్షులు నకిలీవా?

జవాబు: బుష్షులను అనుమానించే ముందు ఒకటి గుర్తు తెచ్చుకోండి: బోల్టులు బిగించినప్పుడు చక్రాలు గాల్లో వేలాడుతున్నాయా? కారు ఎత్తుగా నిలబడిందంటే అలాగే జరిగి ఉంటుంది.

ఈ రకం బుష్షులో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. ఆర్ము కదిలితే రబ్బరు మెలితిరుగుతుంది, అంతేగానీ గొట్టం బోల్టు మీద తిరగదు. ఆర్ము కిందికి వేలాడుతుండగా బిగిస్తే రబ్బరుకు అదే సహజ స్థితి అయిపోతుంది. కారు దించగానే అది మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. గుంత వస్తే ఆ మెలిక మీద ఇంకో మెలిక. రబ్బరు స్ప్రింగులా ఎదురు తోస్తుంది కాబట్టే కారు ఎత్తుగా నిలబడింది.

కొత్త బుష్షులు వేసి బోల్టులన్నీ వేళ్లతో, నట్టు వాషరుకు ఆనేదాకా మాత్రమే తిప్పండి. చక్రాలు తగిలించి కారును నేల మీదికి దించండి. రెండు మీటర్లు ముందుకూ వెనక్కూ తోసి, బంపరు మీద నాలుగైదు సార్లు నొక్కి వదలండి. అప్పుడు అసలు టార్క్ ఇవ్వండి. కింద చెయ్యి దూరకపోతే నాలుగు చక్రాలనూ ర్యాంపుల మీదికో గట్టి దిమ్మెల మీదికో ఎక్కించండి. అదీ కుదరకపోతే, పని మొదలు పెట్టకముందే చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా దూరం కొలిచి రాసుకోండి. తర్వాత బాడీని స్టాండ్ల మీద ఉంచి, ఆర్ము చివర, బాల్ జాయింటు దగ్గర జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా ఎత్తి బిగించండి. జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరకండి.

గొట్టం మీద విడిగా తిరిగే పాలీయురేథేన్ బుష్షులకు ఈ బాధ లేదు. వాటిలోనూ లోపలి గొట్టాన్ని చెవుల మధ్య గట్టిగా బిగించాల్సిందే.

ప్రశ్న: మళ్లీ తుప్పు పట్టకూడదని మరలకు కాపర్ గ్రీజు దట్టంగా పూసి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్ ఇచ్చాను. సరేనా?

జవాబు: గ్రీజు మంచిదే, చోటు తప్పు. మనం ఇచ్చే టార్క్‌లో చాలా భాగం రాపిడికే పోతుంది, కొంచెమే బోల్టును సాగదీసి పట్టు ఇస్తుంది. రాపిడి తగ్గిస్తే అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది.

ఎం12, 8.8 బోల్టునే తీసుకోండి. దానికి సురక్షితమైన లాగుడు దాదాపు 49 కిలోన్యూటన్లు. అందులో నాలుగింట మూడు వంతులు, అంటే 37 దాకా బిగించడం వాడుక. పొడి మరతో దానికి దాదాపు 88 న్యూటన్ మీటర్లు కావాలి. నూనె రాసిన మరకు 66 చాలు. మీరు నూనె మరకు 88 ఇస్తే బోల్టును సురక్షిత హద్దు అంచుకు తోసినట్టే. గ్రీజు ఇంకా జారుడుగా ఉంటే హద్దు దాటుతుంది. ఇవి లెక్క తెలియడానికి ఇచ్చిన అంకెలు, మీ కారుకు మాన్యువల్ చెప్పిందే వేదం.

బోల్టును తీసి మరలను బ్రష్‌తో శుభ్రం చేయండి. గ్రీజు షాంకుకు మాత్రం, బుష్షు గొట్టం లోపల ఉండే భాగానికి, పలుచగా పూయండి. ఇరుక్కుపోయేది అక్కడే. మాన్యువల్ నూనె రాయమంటేనే మరకు రాయండి. తలను స్పానరుతో పట్టుకుని టార్క్ రెంచితో నట్టును తిప్పండి. తలను తిప్పితే షాంకు గొట్టానికి రాసుకుని ఆ రాపిడి కూడా మీ లెక్కలో కలిసిపోతుంది.

ప్రశ్న: స్ప్రింగ్ వాషరు, నైలాక్ నట్టు, స్ప్లిట్ పిన్ను. వీటిలో ఏది మంచిది?

జవాబు: స్ప్రింగ్ వాషరును లెక్కలోంచి తీసేయండి. పూర్తి టార్క్‌కి అది నలిగి చదునైపోతుంది, అడ్డంగా వచ్చే అదురుకు నట్టు ఊడకుండా ఆపలేదు.

నైలాక్ నట్టు ఒక్కసారికే. తీసిన ప్రతిసారీ కొత్తది. వేళ్లతో చివరిదాకా తిరిగిపోయే నైలాక్ చచ్చిన నైలాక్. ఎగ్జాస్ట్ గొట్టం పక్కన నైలాన్ మెత్తబడుతుంది, అక్కడ పూర్తి ఇనుప లాక్ నట్టు వాడండి. స్ప్లిట్ పిన్ను దూర్చడానికి గాట్లున్న క్యాజిల్ నట్టు బాల్ జాయింట్లకు. టార్క్ ఇచ్చాక రంధ్రం కుదరకపోతే ముందుకే బిగించి కలపండి, వెనక్కి వదలకండి. కారు కంపెనీ ఏ చోట ఏది వేసిందో అక్కడ అదే ఉంచండి.

ప్రశ్న: వెనక కమాను పట్టీల యూ బోల్టులు విప్పాను. చూడటానికి బాగానే ఉన్నాయి. మళ్లీ వాడొచ్చా?

జవాబు: కొత్తవి వేయండి. అవి ఒకసారి సాగి, ఆ యాక్సిల్ గొట్టానికి తగ్గట్టు వంగి కూర్చున్నవి. కొత్తవాటికి పొడవైన నట్లు, గట్టి వాషర్లు వాడండి. నాలుగు నట్లను ఎదురెదురు మూలలుగా, మూడు విడతల్లో బిగించండి. రెండు వైపులా బయటికి వచ్చిన మర సమానంగా ఉందో లేదో చూసుకోండి. కొత్త పట్టీలు, మధ్య ప్యాడ్లు కూర్చునే కొద్దీ పట్టు తగ్గుతుంది. మొదటి 100 కిలోమీటర్లకు ఒకసారి, 500 దగ్గర ఇంకోసారి టార్క్ చూడండి.

ప్రశ్న: బోల్టు నట్టు ఊడింది గానీ బోల్టు బయటికి రావడం లేదు. తల తిప్పితే బుష్షు కూడా తిరుగుతోంది.

జవాబు: షాంకు గొట్టంలో తుప్పుతో అతుక్కుంది. సుత్తితో కొస మీద కొట్టకండి, కొస పుట్టగొడుగులా విచ్చుకుంటే ఇక రంధ్రంలోంచి రాదు. ముందు రోజు రాత్రి తుప్పు నూనె రెండు వైపులా పోయండి. పాత నట్టును కొసతో సమంగా ఎక్కించి, ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టి చూడండి. రాకపోతే ఎలాగూ బుష్షు మారుస్తున్నారు కదా, చెవికీ గొట్టానికీ మధ్య సందులో రంపపు బ్లేడు దూర్చి బోల్టును రెండు చోట్లా కోసేయండి. ఆర్ము బుష్షుతో సహా చేతికొస్తుంది. కోసే ముందు స్ప్రింగును బిగించి పట్టారో, ఆర్ము కింద జాకీ ఉందో చూసుకోవాలి. స్ప్రింగులో నొక్కి ఉన్న శక్తి మనిషిని చంపగలదు. బ్లేడు చెవిని గీకకూడదు, పోయిన చెవికి కొత్తది వెల్డింగ్ చేయడం వేరే పెద్ద పని. రబ్బరు ఉన్న చోట మంట పెట్టకండి, విషపు పొగ వస్తుంది.

ప్రశ్న: తుప్పు గొడవే లేకుండా స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తే?

జవాబు: మామూలుగా దొరికే ఏ2-70 రకం 450 మెగాపాస్కల్స్ దగ్గరే సాగిపోతుంది, 8.8 అయితే 640 దాకా ఆగుతుంది. పైగా స్టెయిన్‌లెస్ నట్టు స్టెయిన్‌లెస్ బోల్టు మీద బిగించేటప్పుడే పట్టేసి, ముందుకూ వెనక్కూ రాకుండా పోతుంది. నంబరు ప్లేటుకు వేసుకోండి.